రెండు తలుపుల మధ్య

"తాళంచెవి ఇచ్చేది లేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

పొద్దుట్నుంచి నారమ్మ ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్కపెట్టే ఓపిక ఆమె కొడుక్కి లేదు. ఖాళీ వ్యాను మెట్టు మీద కూర్చుని, వంటింట్లో ఉన్న తల్లినీ, వసారాలో నిలబడ్డ భార్యనీ మార్చి మార్చి చూశాడు. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాళ్ళ చేతి తిండి పుట్టదని అతనికి బాగా తెలుసు. అందుకని లేచి, టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాడు.

గేటు అవతల జనం పెరుగుతున్నారు. అంతా టమాటా రైతులు. ఈ ఏడు నారమ్మ నర్సరీలో నారు కొన్నవాళ్ళు. ముందు నిలబడి గేటు కమ్మీలు ఊపుతున్నవాడు పరాయివాడైతే నారమ్మ ఈపాటికి నాలుగు దులిపి పంపేసేది. కానీ ఊపుతున్నది సొంత తమ్ముడు.

"అక్కా! ఎంతసేపు దాక్కుంటావ్? బయటికొచ్చి సమాధానం చెప్పు. ఈ చుట్టుపక్కల నీ నారు వేసిన పొలాలే పోయాయి. షెడ్డులో ఉన్నదంతా తగలబెట్టేదాకా కదిలేది లేదు!"

"నీ నోరు తగలెయ్య!" అంది నారమ్మ కిటికీలోంచే. అంది గానీ గొంతులో పస లేదు.

తమ్ముడి పొలం ఆమె కళ్ళారా చూసి వచ్చింది. మొవ్వులు మాడిపోయాయి. లేతాకులు ఇత్తడి రంగుకి తిరిగాయి. కాయల మీద ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు, ఎవరో ఓపిగ్గా కూర్చుని గీసినట్టు. ఆ కాయని చేతిలో పట్టుకుని, 'ఇంత అందంగా కూడా చస్తుందా మొక్క!' అనుకుంది. అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకుంది.

నారు పోసి అమ్మడం మొదలుపెట్టాక ఆమె అసలు పేరు జనం మర్చిపోయారు. నారమ్మ అన్నారు. ఆ పేరు చెప్పి ట్రే పట్టుకెళ్తే మొక్క బతుకుతుందన్న నమ్మకం తప్ప ఆమెకి వేరే ఆస్తి లేదు. ఇప్పుడు ఆ నమ్మకానికే ఎసరొచ్చింది. ఎసరు పెట్టింది తన కోడలే అని ఆమె బాధ.

కోడలిది పంటల తెగుళ్ళ సర్వేలో ఉద్యోగం. పొలంలో ఈ మూల నుంచి ఆ మూలకి వంకరటింకరగా నడవాలి. ఆగిన చోటల్లా మొక్కని తిరగేసి చూడాలి. పువ్వుని తెల్లకాగితం మీద తట్టి, రాలిన నలకల్లో కదిలేవి ఎన్నో చూడాలి. అనుమానం వచ్చిన ఆకుని నూరి, ఆ రసంలో కాగితం పట్టీ ముంచాలి. ఒక గీత వస్తే రోగం లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. నారమ్మ తమ్ముడి పొలంలో ఆకుకి రెండు గీతలు వచ్చాయి. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, నర్సరీ నుంచి ఒక్క ట్రే కూడా కదలకూడదని అత్తగారి మొహం మీదే చెప్పేసింది.

అప్పట్నుంచి ఇద్దరికీ ఎడమొహం పెడమొహం. మాటలన్నీ కొడుకు మీదుగానే నడుస్తున్నాయి. 'మీ అమ్మగారికి చెప్పండి' అని ఒకరు, 'మీ ఆవిడతో అను' అని ఒకరు. పాపం, అతను ఇద్దరూ చెప్పినవి విని, ఎవరికీ చెప్పకుండా వ్యాను తుడుచుకుంటున్నాడు.

ఇవాళ కోడలు సరాసరి వంటింట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, షెడ్డులో నేను పెట్టిన కుండీ మొక్కల్ని ఇవాళ చూడాలి. తాళం తీయండి."

"చూసి? రోగం ఉందని తేలితే మీ ఆఫీసువాళ్ళొచ్చి తగలబెడతారు. లేదని తేలితే మా తమ్ముడు నమ్మడు, వాడే తగలబెడతాడు. ఎట్లా చూసినా బూడిదేగా! దానికి తాళం నేను తియ్యాలా?"

"తెలుసుకోవడానికి."

"తెలుసుకుని ఏం ఊడబొడుస్తాం?"

కోడలు పొయ్యి మీద పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది.

"ఇన్నేళ్ళలో మీ నారుకి ఒక్కరన్నా వంక పెట్టారా?"

"పెట్టి బతికారా!"

"మరి ఈ ఏడే ఎందుకిట్లా అయింది? మీకు తెలుసుకోవాలని లేదా? నాకైతే నిద్ర పట్టడం లేదు."

నారమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. కానీ కోడలి కళ్ళ కింద నల్లని చారలు చూసి ఆ తిట్టు మింగేసింది. కొంగు చివర ముడి విప్పి, తాళంచెవి తీసింది.

"నీ చేతికివ్వను. నేనే తీస్తా."

*

నారు షెడ్డుకి రెండు తలుపులు. బయటి తలుపు తీస్తే, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత చిన్న గది. దాని తర్వాత సన్నటి వల బిగించిన లోపలి తలుపు. దానికే తాళం. పురుగు ఒక తలుపు దాటినా రెండోది దాటకూడదని ఈ ఏర్పాటు. తెల్లారి వ్యాను ఎక్కాల్సిన ట్రేలని ముందురోజు సాయంత్రమే ఆ చిన్న గదిలో సర్దిపెట్టడం నారమ్మ అలవాటు. పొద్దున్నే తొందరగా ఎక్కించేయొచ్చు. ఆగిపోయిన చివరి ట్రేలు ఇంకా అక్కడే గోడవారగా ఉన్నాయి.

ఆ గోడకే ఒక మేకు. మేకుకి కోడలి పొలం కోటు. "ఊరిమీది పురుగూపుట్రా నా వంటింట్లోకి తేకు. ఇదిగో, ఇక్కడే తగిలించు" అని ఈ పంట మొదట్లో ఆ మేకు కొట్టింది నారమ్మే.

ఇద్దరూ కోటుని రాసుకుంటూ లోపలికి వెళ్ళారు.

లోపల పచ్చదనం కళ్ళు చెదిరేలా ఉంది. వరసల్లో ట్రేలు, ట్రేల నిండా వేలెడెత్తు మొక్కలు, ప్రతి ఆకు మీదా తడి. నారమ్మకి అక్కడ అడుగుపెడితే ఎప్పుడూ గొంతు తగ్గిపోతుంది. పసిపిల్లలు పడుకున్న గదిలోకి వచ్చినట్టు మెల్లగా నడుస్తుంది.

ట్రేల మధ్య అక్కడక్కడా కోడలు పెట్టిన కుండీలు. వాటిలో పెటూనియా మొక్కలు, ఒక్కో కుండీ కింద ఒక్కో నీలం అట్టముక్క. ఆ మొక్కల పూలన్నీ కోడలు తుంచి పారేసింది. మొదటిరోజు దాని మీదే పెద్ద రభస అయింది. పూలమొక్క తెచ్చి పూలు తుంచే పిచ్చిది ఈ కొంపకే దొరకాలా అని నారమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"పూలు ఉంటే తామర పురుగు పువ్వులోనే దూరి కూర్చుంటుందత్తయ్యా" అంది కోడలు, ఒక కుండీ ముందు గొంతుక్కూర్చుని. "పువ్వు లేకపోతే ఆకుని కొరుకుతుంది. దానికి నీలం రంగంటే వల్లమాలిన ఇష్టం. అట్ట చూసి వస్తుంది."

"వచ్చి కొరికితే?"

"ఆ పురుగులో రోగం లేకపోతే తెల్లటి గీత పడుతుంది, అంతే. ఉంటే, కొరికిన చోటల్లా నల్లటి అంచుతో మచ్చ లేస్తుంది. మన టమాటాలో అయితే రోగం మొక్కంతా పాకుతుంది. ఇది మాత్రం పాకనివ్వదు. కాటు పడ్డచోటే ఆపేస్తుంది. పక్క ఆకుకి కూడా పోనివ్వదు. వచ్చిందని మనకి చూపిస్తుంది, తనతోనే ఆపుకుంటుంది."

నారమ్మ ఆ బోసి మొక్కని కిందికీ పైకీ చూసింది. కోడలికి తన చేత తిట్లు తినిపించిన మొక్క. దీనికింత గుండె ఉందా!

"ఎవరు నేర్పారే దీనికి?" అంది. ఎన్నాళ్ళకో కోడలితో అలా 'ఏ' కలిపి చనువుగా మాట్లాడానని ఆమెకే తెలియలేదు.

కోడలు నవ్వలేదు. ఒక్కో ఆకు తిరగేసి, భూతద్దం పెట్టి చూస్తోంది. ఒక కుండీ అయింది. ఇంకోటి అయింది. ఆ చివర, ఈ చివర, నడిమధ్య. నారమ్మ వెనకే నడిచింది.

"లేదు" అంది కోడలు చివరికి. "ఒక్క మచ్చ కూడా లేదు. లోపలంతా శుభ్రంగా ఉందత్తయ్యా."

నారమ్మ ట్రేల బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుని, "పద! పోయి ఆ వెధవ మొహాన కొడదాం ఈ మాట" అని గిరుక్కున తిరిగింది.

కోడలు కదల్లేదు.

"అయితే మీ తమ్ముడుగారి పొలానికి ఎట్లా వెళ్ళింది? ఆయన పక్క తోటల్లో లేదు. మన నారు వెళ్ళిన చోటే ఉంది. ఇక్కడ లేదు, అక్కడికి చేరేసరికి ఉంది. మధ్యలో ఏం జరిగింది?"

"ఏమో! మీ ఆయన వ్యానులో ఎక్కిందేమో."

"వ్యానులో కూడా ఒక కుండీ పెట్టాను. అదీ శుభ్రంగానే ఉంది." కోడలు నుదురు రుద్దుకుంది. "ఇంకోటి మిగిలిపోతే ఎక్కడో పెట్టాను. ఎక్కడ పెట్టానబ్బా..."

"ఆ బయటి గది మూల చీకట్లో, నీ కోటు కింద నెట్టావుగా. నీళ్ళు నేనే పోస్తున్నా" అంది నారమ్మ.

*

కోడలు కోటుని పక్కకి జరిపి, కుండీని వెలుగులోకి లాగింది.

బయట తమ్ముడి కేకలు, గేటు చప్పుడు వినబడుతూనే ఉన్నాయి.

ఆ మొక్క ఒళ్ళంతా మచ్చలు. నల్లటి అంచుతో, గుండ్రంగా, ఆకు ఖాళీ లేకుండా. కోటు చెయ్యి వేలాడిన వైపైతే మరీను. ఇన్ని కాట్లు తిని, చివర్న వేసిన కొత్త చిగురు మాత్రం లేతగా, మచ్చ లేకుండా నిలబడి ఉంది.

కోడలు కుండీ కింది అట్టని చూసింది. తర్వాత కోటుని చూసింది. రెండూ ఒకే రంగు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం నారమ్మ చూసింది.

"మాకు తెల్లకోట్లు ఉండేవి" అంది కోడలు నెమ్మదిగా. "మురికి కనబడుతోందని ఈ ఏడు నీలానివి కుట్టించారు. దానికి నీలం ఇష్టమని ఊరంతా చెప్తున్నదాన్ని నేను. అట్టలు కత్తిరించి పెట్టింది నేను. రోజూ ఈ కోటు వేసుకుని కాలవ అవతల రోగమున్న తోటల్లో తిరిగి, లోపలి తలుపు దాటకూడదని ఇక్కడే విప్పి, జాగ్రత్తపడ్డానని మురిసిపోయాను."

ఒక తెల్లకాగితం నేల మీద పరిచింది. కోటుని దాని మీదికి పట్టుకుని, పువ్వుని తట్టినట్టే తట్టింది. దుమ్ము రాలింది. ఆ దుమ్ములో కొన్ని నలకలు లేచి నడిచాయి.

నారమ్మ కాగితం మీదికి వంగింది.

"ఇటివ్వు ఆ అద్దం" అంది.

ఆమె జన్మలో ఎన్ని పురుగుల్ని నలిపి ఉంటుందో! ఒక్కదాన్నీ మొహంలో మొహం పెట్టి చూడలేదు. అద్దంలో అది గడ్డిపరకంత కనబడింది. సన్నటి ఒళ్ళు, తేనెరంగు. వీపు మీద మడిచిన రెక్కలు, ఆ రెక్కల అంచుల పొడుగునా ఈకకున్నట్టు నూగు. అంత చిన్నదానికి అంత సింగారం ఎందుకో! అది ఆగి, ముందు కాలు ఎత్తి, మళ్ళీ నడిచింది. దాన్ని చంపాలన్న సంగతే నారమ్మ మర్చిపోయింది.

"దీంట్లో ఉందా ఆ రోగం?"

"ఉంది. పిల్లగా ఉన్నప్పుడు రోగమున్న ఆకు రసం తాగితేనే దీనికి అంటుతుంది. పెద్దయ్యాకే తాగడం మొదలుపెడితే, ఎంత తాగినా ఇంకో మొక్కకి అంటించలేదు. పసితనంలో తాగినదాన్ని మాత్రం చచ్చేదాకా మోస్తుంది. వాలిన మొక్కకల్లా పెడుతూనే ఉంటుంది."

"దానికేం కాదా?"

"పెద్దగా ఏం కాదు."

నారమ్మ అద్దం దించింది. నలకంత ప్రాణిలో ఏ కంటికీ కనబడని ఇంకో ప్రాణి. అది ఎక్కడో కాలవ అవతల తోటలో ఆకు రసంతో పాటు పిల్ల పురుగులోకి ఎక్కి, కోటు పట్టుకుని ఊరు దాటి వచ్చి, తన తమ్ముడి పంటని కూల్చింది. భయం వేసింది ఆమెకి. భయం కంటే ఎక్కువగా, ఈ లోకం ఇంత సన్నటి నేతా అని నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ నేతలో తన చెయ్యి ఎక్కడ పడిందో అప్పుడు కనబడింది.

మేకు తను కొట్టింది. తెల్లారి పోవాల్సిన ట్రేలని రాత్రంతా ఆ మేకు కింద పెట్టింది తనే. తన చేత్తో పంపిన ప్రతి ట్రే ఆ కోటు కింద ఒక రాత్రి పడుకుని వెళ్ళింది.

"నేను వెళ్ళి చెప్పేస్తాను" అంది కోడలు. కోటుని ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి ముడేసింది.

"నోర్మూసుకో! సర్వేకి వచ్చినవాళ్ళే రోగం మోసుకొచ్చారంటే రేపట్నుంచి నిన్ను ఎవడు పొలం గట్టు ఎక్కనిస్తాడు? నీ ఉద్యోగం ఉంచుతారా? నేను చెప్తా. నా నారులోనే ఉందని చెప్తా. పోతే పోనీ."

"లోపలున్నదాంట్లో ఒక్క మొక్కకీ దోషం లేదత్తయ్యా! కాల్చాల్సింది ఈ గదిలో ఉన్న ట్రేలు మాత్రమే. మీరలా చెప్తే మొత్తం తగలబెడతారు."

"మళ్ళీ పోసుకుంటా. విత్తనాలకేం కరువా?"

"మీ పేరో?"

నారమ్మ తల మీద కొంగు సర్దుకుని, విసవిసా గేటు వైపు నడిచింది. సంచి పట్టుకుని కోడలు వెనకే పరిగెత్తింది.

*

ఇద్దరూ కలిసి రావడం చూసి గేటు అవతల గోల అణిగింది. కొడుకు టైరు వదిలేసి నిలబడ్డాడు.

తమ్ముడి మొహం వాడిపోయి ఉంది. దగ్గర్నుంచి చూస్తే కోపం కంటే ఏడుపే ఎక్కువ కనబడింది నారమ్మకి. వాడు చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టుకుంటే ఇలాగే అరిచేవాడు.

"చెప్పక్కా. నా పొలానికి ఈ రోగం ఎవరి వల్ల వచ్చింది?"

"నా వల్లే."

"నా వల్లే."

రెండు గొంతులూ ఒక్కసారే పలికాయి. అత్త కోడలి వైపు తిరిగింది. కోడలు అత్త వైపు తిరిగింది. ఆ పెటూనియా మొక్క బుద్ధి ఇద్దరికీ ఒకేసారి పట్టినట్టుంది. ఎవరికి వాళ్ళు తన దగ్గరే ఆపేయాలని వచ్చారు. నిన్నటిదాకా ఎడమొహంగా తిరిగిన పిల్ల. నారమ్మకి ఆ క్షణాన కోడలి మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

"ఏంటీ నాటకం?" అన్నాడు తమ్ముడు. "ఇద్దరిలో ఎవరు? అమ్మాయ్, ఆ సంచిలో ఏముంది?"

కోడలు నోరు తెరిచేలోపే వెనక హారన్ మోగింది. రైతులు పక్కకి జరిగి దారిచ్చారు.

"నేనే కబురు పెట్టాను" అన్నాడు తమ్ముడు. "మీ ఆఫీసరునే రమ్మన్నాను. షెడ్డు ఆయనే చూస్తాడు. ఇంటి మనిషి మాట మాకొద్దు."

సర్వే జీపు ఆగింది. ముందు ఆఫీసరు దిగాడు. ఆయన వెనక మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగారు. పొద్దున్నే కాలవ అవతల తోటలన్నీ తిరిగి వస్తున్నారని వాళ్ళ బూట్ల బురద చెబుతోంది. అందరి ఒంటి మీదా కొత్త నీలం కోట్లు. ఎండలో నిగనిగలాడుతున్నాయి.

నారమ్మ ఆ కోట్లని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఒక్క కోటుకే ఇంత అయితే, ఇన్ని కోట్లు ఇన్నాళ్ళుగా ఎన్ని గట్లు ఎక్కి దిగాయో!

"గేటు తీయండమ్మా" అన్నాడు ఆఫీసరు. "షెడ్డు తాళం ఎవరి దగ్గరుంది?"

కొడుకు తల్లిని చూశాడు. తమ్ముడు అక్కని చూశాడు. నారమ్మ పిడికిట్లో తాళంచెవి చెమటకి తడిసి ఉంది. కన్నకొడుక్కి కూడా ఎన్నడూ ఇవ్వని తాళంచెవి. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నువ్వే చెప్పు తల్లీ" అంది. "మేకు సంగతి కూడా చెప్పు."

కోడలు గేటు దగ్గరికి నడిచింది. గడియ తీయలేదు. కమ్మీల ఇవతల నిలబడి, సంచి పైకెత్తి, ఊరివాళ్ళందరూ వింటుండగా అంది:

"లోపలికి రావడం తర్వాత సార్. ముందు అందరూ ఆ కోట్లు విప్పండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. సంచిలోని నీలాన్నీ, ఎదురుగా ఉన్న నీలాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆఫీసరు చెయ్యి పైగుండీ దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.